సేవకు వచ్చినవారి క్షేమం: కోనసీమ సేవాసంస్థల్లో వాలంటీర్ల ముప్పులు, బాధ్యతలు

జీతం లేకుండా ఒక సంస్థ తరఫున పనిచేసే మనిషికి ఆ పనిలో హాని జరగవచ్చు. ఆ మనిషి చేతిమీదుగా మరొకరికీ జరగవచ్చు. ఈ రెండింటినీ ముందే లెక్కేసుకుని, తగ్గించగలిగినంత తగ్గించి, మిగిలినదానికి పూచీ ఎవరిదో తేల్చుకోవడాన్ని వాలంటీర్ల ముప్పు నిర్వహణ అంటారు. పేరు కొత్తగా ఉన్నా పని పాతదే. పెళ్లి పందిట్లో వడ్డనకు దిగిన కుర్రాళ్లలో కాగే సాంబారు బకెట్ ఎవరి చేతికివ్వాలో, మంచినీళ్ల జగ్గు ఎవరికిస్తే చాలో ఊళ్లో పెద్దావిడ ఒక చూపులో తేల్చేది. సంస్థలు పెరిగాక ఆ చూపు పోయింది, దాని చోట కాగితం రావాలి. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో ఆ కాగితం ఇంకా సగమే వచ్చింది.

కోనసీమలో సేవ అనగానే డొక్కా సీతమ్మ (1841–1909) పేరు చెబుతారు. లంకల గన్నవరంలో భర్త జోగన్నతో కలిసి ఆమె వేళాపాళా లేకుండా వచ్చినవారికి అన్నం పెట్టింది. వైనతేయ పాయ మీది అక్విడెక్టుకు ఆమె పేరే పెట్టారు. 2024 నుంచి రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమూ ఆమె పేరు మీదే నడుస్తోంది. ఆ కాలపు సేవలో నష్టమంతా చేసేవారిదే. పొలం కరిగినా ఒళ్లు అరిగినా వారిదే. నేటి సేవాసంస్థలో నిర్ణయం ఒకరిది, డబ్బు ఇంకొకరిది, నీళ్లలోకి దిగేది మూడోవారు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

వాలంటీరు అంటే ఎవరు

ఆంధ్రప్రదేశ్‌లో ఈ మాటకు ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. 2019 ఆగస్టు 15న మొదలైన గ్రామ, వార్డు వాలంటీరు వ్యవస్థలో గ్రామాల్లో యాభై ఇళ్లకు ఒకరి చొప్పున, నెలకు ₹5,000 గౌరవ వేతనంతో మనుషులను పెట్టారు. 2024 ఎన్నికల తర్వాత అది కొనసాగలేదు. ఈనాటికీ కోనసీమ పల్లెల్లో ‘వాలంటీరు’ అంటే పింఛను తెచ్చే అబ్బాయే చాలామందికి గుర్తొస్తాడు. ఈ వ్యాసంలోని వాలంటీరు అతను కాదు. రెడ్‌క్రాస్, రోటరీ, లయన్స్ మొదలుకొని గుడి కమిటీ, చర్చి యువత, యువజన సంఘం, సినిమా హీరోల అభిమాన సంఘం దాకా ఏదో ఒక జెండా కింద పైసా తీసుకోకుండా పనికి వచ్చేవారు.

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదైన సంస్థ తన కార్యవర్గం జాబితాను ఏటా రిజిస్ట్రారుకు ఇవ్వాలి. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి పేర్లు ప్రభుత్వ దస్త్రాల్లో ఉంటాయి. వరదలో పడవెక్కిన ఇరవై రెండేళ్ల కుర్రాడి పేరు ఎక్కడా ఉండదు. అతను సభ్యుడు కాడు, ఉద్యోగి కాడు. ముందురోజు రాత్రి వాట్సాప్ గ్రూపులో ‘నేనూ వస్తా’ అని పెట్టిన మెసేజ్ ఒక్కటే అతనికీ సంస్థకూ మధ్య ఉన్న దస్తావేజు.

ఈ విషయంలో కాలేజీల్లోని జాతీయ సేవా పథకం ఒక మెట్టు పైనే ఉంది. 1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి ఏడాదిలో, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో మొదలైన ఈ పథకంలో ఏడాదికి 120 గంటల పని ఉంటుంది. ప్రోగ్రామ్ ఆఫీసరు ఉంటాడు, హాజరు ఉంటుంది, విద్యార్థి చేతిలో పని డైరీ ఉంటుంది. ఆ డైరీని సర్టిఫికెట్ కోసం పడే తిప్పలుగానే పిల్లలు చూస్తారు. ప్రమాదం జరిగిన రోజున మాత్రం అంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు.

ఏరు, ఏటిగట్టు, పడవ

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. గన్నవరం దగ్గర వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్య, పాయల లోపల ఉన్న లంకల్లో జనం ఉన్నారు, పశువులున్నాయి, కొబ్బరి తోటలున్నాయి. జూలైలో ఎర్రనీరు రాగానే లంక ఊళ్లకు వేసుకున్న తాత్కాలిక మట్టిబాటలు కొట్టుకుపోతాయి, కాజ్‌వేలు మునుగుతాయి. బూరుగులంక, ఊడిమూడిలంక వంటి ఊళ్లకు అప్పటినుంచి పడవే దారి. వాలంటీరు పని కూడా అప్పుడే మొదలవుతుంది.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. 1986 ఆగస్టులో ఇక్కడినుంచి 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పోయింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. భద్రాచలం దగ్గర పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. సంస్థలకు ఆ ఒక్క రోజు చాలా విలువైనది. లంకల్లోకి ఎవరు వెళ్లాలి, ఎవరు గట్టు మీద ఉండాలి, ఎవరిని ఇంటికి పంపాలి అన్నది తీరిగ్గా తేల్చుకోవలసిన సమయం అదే. చాలా సంస్థల్లో ఆ రోజంతా బియ్యం, బిస్కెట్లు, పాల ప్యాకెట్లు పోగేయడంలోనే గడిచిపోతుంది. మనుషుల సంగతి రేవులోకి వచ్చాక గానీ తలపుకు రాదు.

రేవులో జరిగేది ఇలా ఉంటుంది. ఇంజిన్ పడవ ఒరుసుకుని ఆగుతుంది. మంచినీళ్ల కేసులు, పులిహోర పొట్లాల సంచులు ముందు ఎక్కుతాయి. ఆ తర్వాత మనుషులు. ‘ఇంకో ఇద్దరు ఎక్కండెహె, ఏం కాదు’ అని ఒడ్డునుంచి ఒక గొంతు వినిపిస్తుంది. లైఫ్ జాకెట్లు ఆరుంటే ఎక్కినవారు పదకొండు మంది. ఉన్న ఆరింటిలో రెండు నీళ్ల కేసుల మీద పరిచి కూర్చోవడానికి పనికొస్తాయి. ఒకతను ఫొటో కోసం అంచున నిలబడతాడు. సరంగుకు ఏరు తెలుసు, ఏ కొబ్బరితోట మీద ఎంత నీరుందో, మునిగిన కంచె ఎక్కడ పంకాకు తగులుతుందో తెలుసు. కానీ దాతలూ సంఘం పెద్దలూ ఒడ్డున నిలబడి చూస్తుంటే ‘ఎక్కించను’ అనే ధైర్యం అతనికి చాలదు. సంస్థ ముందే రాసిపెట్టుకోవలసిన మాట ఒకటుంది: పడవ దగ్గర ఆఖరి మాట సరంగుది. అధ్యక్షుడికైనా అది వర్తించాలి.

పడవ ప్రమాదాల్లో పదేపదే తేలిన లోటు ఒకటి, ఎక్కినవారి జాబితా లేకపోవడం. 2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర బడి నుంచి ఇంటికి వెళ్తున్న పిల్లలున్న పడవ, కడుతున్న వంతెన స్తంభాన్ని తగిలి బోల్తాపడింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. ఎంతమంది ఎక్కారన్న అంకె అక్కడ రోజురోజుకూ మారుతూ వచ్చింది. ఎవరిని వెతకాలో తెలియకపోతే వెతుకులాట ఎప్పుడు ఆపాలో కూడా తెలియదు. సహాయ పడవకూ ఇదే వర్తిస్తుంది. ఎక్కేవారి పేరు, ఫోన్ నంబరు, ఇంట్లో ఎవరికి చెప్పాలో ఆ నంబరు, ఈత వచ్చో రాదో, ఎక్కిన వేళ, ఎక్కదగిన మనుషుల పరిమితి ఒక నోటుపుస్తకంలో రాసి, ఆ పుస్తకాన్ని ఒడ్డున ఉంచాలి. పడవలో పెట్టుకుని వెళ్లిన సందర్భాలూ లేకపోలేదు!

కచ్చులూరులో రెండు వందల అడుగులకు పైగా లోతునుంచి ఆ బోటును 2019 అక్టోబరు 22న ఒడ్డుకు చేర్చింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. ఏళ్ల తరబడి అదే పని చేసిన మనుషులు, లంగర్లూ ఇనుప తాళ్లూ వాడి, వరద తగ్గేదాకా ఆగి, పలుమార్లు విఫలమయ్యాక సాధించారు. ‘మా కుర్రాళ్లు ఈత బాగా కొడతారు’ అనే సంఘాల పెద్దలు ఈ ఓపికను గమనించాలి. కాలువలో ఈత వేరు, వరద గోదారిలో ఈత వేరు. తీరానికి దగ్గరి లంకల్లో మరో సంగతి ఉంది. సముద్రం పోటు మీద ఉంటే వరద లాగదు, ఉదయం నడిచి దాటిన కాజ్‌వే మీద మధ్యాహ్నానికి నీరు మోకాలు దాటిపోతుంది.

శిక్షణ విషయంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో మొదలుపెట్టిన ఆపద మిత్ర పథకం చెప్పుకోదగినది. మొదట 30 వరద పీడిత జిల్లాల్లో 6,000 మందితో ప్రయోగాత్మకంగా నడిపి, తర్వాత 350 జిల్లాల్లో లక్ష మందికి విస్తరించారు. శిక్షణతోపాటు అత్యవసర కిట్టు, బీమా ఇవ్వడం ఇందులోని మంచి భాగం. సంస్థలు తమ వాలంటీర్లలో కొందరినైనా ఇటువంటి శిక్షణకు పంపి, నీటి పనికి వారిని, గట్టు మీది పనికి మిగతావారిని పెట్టుకోవచ్చు.

తుపాను పని వరద పనిలాంటిది కాదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుపానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. గాలి ఆగాక రోడ్డుకు అడ్డంపడ్డ చెట్లు కోయడానికి కుర్రాళ్లు వెళ్తారు. పడ్డ కొబ్బరిచెట్టు ఒత్తిడిలో వంగి ఉంటుంది. ఏ వైపు కోస్తే మొద్దు ఎగిరి తంతుందో రంపం మిషన్ పట్టిన పాతకాపుకే తెలుస్తుంది. మట్టల కింద తెగిన కరెంటు తీగ ఉంటుంది. సబ్‌స్టేషన్ నుంచి లైన్‌మన్ ‘కరెంటు తీశాం’ అని చెప్పేదాకా మట్ట ముట్టకూడదు. ఎవరి ఇంట్లోనైనా జనరేటర్ వేస్తే తీగల్లోకి వెనక్కి విద్యుత్తు రావచ్చన్నది కూడా గుర్తుంచుకోవాలి.

కోనసీమలో ప్రత్యేకంగా చెప్పుకోవలసిన ఇంకో ముప్పు గ్యాసు. పాశర్లపూడి గ్యాసు బావి బ్లోఅవుట్ 1995 జనవరి 8న మొదలై రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గెయిల్ గ్యాసు పైపులైను పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. గ్యాసు వాసన వచ్చిన చోటికి సాయం చేయబోయి బైకు స్టార్ట్ చేయడం, సెల్ టార్చి వేయడం, జనాన్ని పోగేయడం ముప్పును పెంచుతాయి. అక్కడ వాలంటీరు పని ఒక్కటే, గాలికి ఎదురుదిక్కున జనాన్ని దూరం జరపడం.

అన్నదానం వెనక

కోనసీమలో వాలంటీర్లు ఎక్కువగా చేసేది వంట, వడ్డన. ప్రమాదాలూ ఇక్కడే ఎక్కువ, పత్రికలకెక్కేవి తక్కువ. గాడిపొయ్యి మీద మరిగే గుండిగను ఇద్దరు తడిగుడ్డలతో దించడం, నూనె చిందిన నాపరాళ్ల మీద నడవడం, చీర కొంగు మంటకు అందడం రోజూ జరిగేవే. పొయ్యి దగ్గర నూలు బట్టలు, చెప్పులు, ఒక ఇసుక బకెట్ ఉండాలి. పదేళ్ల పిల్లలు ఉండకూడదు.

తినేవారికి వచ్చే ముప్పు వేరు. వరద రోజుల్లో ఉదయం నాలుగింటికి పొట్లం కట్టిన అన్నం పప్పు మధ్యాహ్నం రెండింటికి లంక చేరితే, విప్పేవారికి పుల్లటి వాసనే మిగులుతుంది. చింతపండు పులిహోర నిలుస్తుందని పాతవారు దాన్నే కట్టేవారు. అదీ వేడివేడిగా ప్లాస్టిక్ సంచిలో బిగిస్తే చెమ్మగిల్లుతుంది. చట్టానికి వస్తే, మతపరమైన, సామాజిక సమావేశాల్లో ఆహారం పంచేవారు కూడా ఆహార భద్రతా నిబంధనల (2011) ప్రకారం చిన్న ఆహార తయారీదారుల కోవలోకి వస్తారు, నమోదు చేసుకోవాలి. ఈ సంగతి తెలిసిన అన్నదాన కమిటీలు అరుదు. ఏ గిన్నె ఎప్పుడు దించారో, ఎవరు వండారో, ఏ ఊరికి వెళ్లిందో ఒక కాగితం మీద రాసుకుంటే, వాంతులు, విరేచనాల కబురు వచ్చినప్పుడు మిగిలిన పొట్లాలను ఆపడానికి వీలుంటుంది.

బండి

సరుకుతోపాటు మనుషులూ టాటా ఏస్‌లోనో ట్రాక్టరు తొట్టిలోనో ఎక్కేస్తారు. సరుకు బండిలో ఊరికే ఎక్కినవారికి ఆ బండి బీమా వర్తించదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే అప్పుడు పరిహారం బండి యజమాని మెడకు చుట్టుకుంటుంది. బండి ఇచ్చిన ఆ యజమాని కూడా చాలాసార్లు పుణ్యానికి ఇచ్చినవాడే. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 134ఎ సెక్షన్ రోడ్డు ప్రమాద బాధితులకు సాయం చేసినవారికి రక్షణ ఇస్తుంది. అది వరద సేవకూ వర్తిస్తుందనుకుని ధీమాగా ఉండేవారున్నారు. వర్తించదు.

మనిషి నుంచి మనిషికి

సేవ పేరుతో వచ్చినవారందరూ సేవకే రారు. దీన్ని చెప్పడానికి సంస్థలు మొహమాటపడతాయి. తెలిసిన కుటుంబం, మన ఊరివాడు, మన కులంవాడు అన్న నమ్మకం మీద మనుషులను తీసుకుంటాయి. హాస్టలు పిల్లలకు ట్యూషన్ చెప్పడానికి, వృద్ధాశ్రమంలో రాత్రి కాపలాకు, ఇంటింటి చందాకు వెళ్లేవారి గురించి ఇద్దరు ముగ్గురిని అడిగి తెలుసుకోవడం అవమానం కాదు. పిల్లలతో ఎవరూ ఒంటరిగా గదిలో ఉండకూడదన్న ఒక్క నియమం చాలా కీడును ఆపుతుంది. అది పిల్లలతోపాటు మంచి వాలంటీరును కూడా కాపాడుతుంది. పోక్సో చట్టం (2012) ప్రకారం నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమే. ‘సంస్థ పరువు’ అని లోపల్లోపల సర్దుబాటు చేసే పెద్దలు ఆ సెక్షన్ చదువుకోవాలి.

మహిళా వాలంటీర్ల విషయంలో 2013 నాటి పనిప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం స్పష్టంగా ఉంది. జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవారూ దాని కింద ఉద్యోగులే. పదిమంది, అంతకుమించి ఉన్నచోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు, మామూలుగా గడువు మూడు నెలలు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడి అమలాపురం జిల్లా కేంద్రం కావడంతో ఇలాంటి పనులకు కాకినాడ దాకా పోవలసిన అవసరం తప్పింది.

డబ్బు దగ్గర ముప్పు ఎక్కువగా అజాగ్రత్త వల్ల వస్తుంది. వాలంటీరు సొంత ఫోన్‌పే క్యూఆర్ కోడ్ చూపించి చందా తీసుకుంటే, అతను నిజాయితీపరుడైనా రేపు నిరూపించుకోలేడు. సంస్థ ఖాతా కోడ్, నంబరు వేసిన రసీదు పుస్తకం, ఒక్కరు కాక ఇద్దరు వెళ్లడం, ఈ మూడింటితో సగం తగవులు తగ్గుతాయి. బియ్యం సంచి అందుకుంటున్న ముసలమ్మ ముఖం ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టడం గురించి వేరే చెప్పాలా? ఆమెను అడగరు. అడిగితే కాదనలేని స్థితిలో ఆమె ఉంటుంది.

బీమా, పరిహారం, సంతకం

వాలంటీరుకు దెబ్బ తగిలితే ఎవరు చూసుకోవాలి? 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం గానీ, దాన్ని తనలో కలుపుకున్న 2020 సామాజిక భద్రతా స్మృతి గానీ వేతనాన్ని పట్టుకుని పరిహారం లెక్కగడతాయి. వేతనమే లేనివారికి ఆ దారి దాదాపు మూసుకుపోయినట్టే. అమెరికాలో 1997 నాటి వాలంటీర్ల రక్షణ చట్టం ఉంది. మామూలు పొరపాటుకు వాలంటీరును సొంతంగా బాధ్యుణ్ని చేయకుండా అది కాపాడుతుంది, బండి నడిపినప్పుడు మాత్రం కాపాడదు. అక్కడి తెలుగు సంఘాల్లో పనిచేసి వచ్చినవారు ఇక్కడా అలాంటిదేదో ఉంటుందనుకుంటారు. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ఉచితంగా పనిచేశావా అని అడగదు.

‘నాకేం జరిగినా సంస్థకు సంబంధం లేదు’ అని సంతకం చేయించుకునే అలవాటు ఈమధ్య పట్టణాల్లో మొదలైంది. పని ఎంత ప్రమాదమో మనిషికి తెలియజెప్పడానికి ఆ కాగితం పనికొస్తుంది. సంస్థ నిర్లక్ష్యాన్ని కప్పిపుచ్చడానికి దాన్ని నమ్ముకోకూడదు. పదిహేడేళ్ల ఇంటర్ పిల్లాడి సంతకానికైతే ఒప్పంద చట్టం ముందు విలువే లేదు.

చవకైన దారి బీమా. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి ₹20 కడితే, 18 నుంచి 70 ఏళ్లవారికి ప్రమాద మరణానికి ₹2 లక్షలు వస్తాయి. బ్యాంకు ఖాతా ఉంటే చాలు. ఒక కొబ్బరి బొండం ఖరీదుకు కూడా రాదు. ఏటా మే నెలాఖరులో, అంటే వరదల కాలానికి ముందే, అది రెన్యువల్ అవుతుంది. వాలంటీర్ల ఖాతాల్లో ఆ ఇరవై రూపాయలు ఉన్నాయో లేదో చూసుకోవడం కార్యదర్శి చేయగల పనే. స్తోమత ఉన్న సంస్థలు వైద్య ఖర్చులూ వచ్చే బృంద ప్రమాద పాలసీ తీసుకుంటాయి.

విపత్తుల్లో చనిపోయినవారి కుటుంబాలకు రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి ఇచ్చే ₹4 లక్షలు సహాయ పనుల్లో పాల్గొంటూ చనిపోయినవారికీ వర్తిస్తాయి. అయితే మరణ కారణాన్ని అధికారి ధ్రువీకరించాలి. అతను ఆ రోజు నిజంగా సహాయానికే వెళ్లాడని తహసీల్దారు ముందు చూపించడానికి కుటుంబం దగ్గర ఏముంటుంది? రేవులో రాసిన నోటుపుస్తకం ఉంటే అదే.

గుంపు

కనుమ నాడు అంబాజీపేట మండలం జగ్గన్నతోట తీర్థానికి చుట్టుపక్కల ఊళ్ల ప్రభలు వస్తాయి. 2023 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటంగా కర్తవ్యపథ్‌లో నడిచింది ఈ సంబరమే. పచ్చని చేలకు అడ్డంగా, కౌశిక ఏటి నీళ్లలోంచి, అంతెత్తు ప్రభను భుజాల మీద మోసేవారు ఒక రకంగా కోనసీమలో అందరికంటే పాత వాలంటీర్లు. ఎత్తు, తీగలు, బురద, బాణసంచా అన్నీ ఒకచోట ఉన్న పని అది. మోసేవారు కేక వేస్తే ఆగడం, భుజం మార్చుకోవడం, తాళ్లు పట్టేవారు వేరుగా ఉండడం అన్నది చూసి నేర్చుకోవలసిన క్రమం. కొత్తగా వచ్చిన సంస్థలకు అలాంటి క్రమం ఉండదు.

2015 జూలై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో తొక్కిసలాట జరిగి పాతికమందికి పైగా భక్తులు చనిపోయారు. చదరపు మీటరుకు ఐదారుగురు మించితే మనుషులు తమ కాళ్ల మీద తాము ఉండరు, గుంపు ఎటు తోస్తే అటు పోతారు. అప్పుడు చేతులు కలిపి గొలుసుగా నిలబడ్డ వాలంటీర్లు మొదట నలిగిపోతారు. 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ముక్తేశ్వరం, అప్పనపల్లి, అంతర్వేది రేవుల్లో సేవకు పేర్లు ఇచ్చే సంస్థలు, తమవారు గుంపును ఆపడానికా, దారి చూపడానికా, తప్పిపోయిన పిల్లలను చూసుకోవడానికా అన్నది పోలీసులతో ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఆపే పని పోలీసులది.

పని అయ్యాక

నీరు తీశాక ఇళ్లు కడిగేవారికి పాముకాటు, ఎలుక జ్వరం ముప్పులు ఉంటాయి. మడమ దాటే బూట్లు, చేతికి తొడుగులు, ముందుగా కర్రతో తట్టడం పాములకు మందు. కాటు పడితే కట్లు కట్టి కోయడాలూ మంత్రాలూ కాకుండా, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకుని ఉండాలి. ఎలుక జ్వరం వేరు. ఎలుకల మూత్రం కలిసిన వరద నీరు కాలి పగుళ్లలోంచి లోపలికి పోతుంది. జ్వరం వెంటనే రాదు, మామూలుగా వారం, రెండు వారాలు పడుతుంది. 2018 కేరళ వరదల తర్వాత సహాయానికి వెళ్లినవారికీ ఇది వచ్చింది, అక్కడి ఆరోగ్య శాఖ వారానికోసారి డాక్సీసైక్లిన్ మాత్ర వేయించింది. ఇక్కడా బురదలో దిగేముందు వైద్యుణ్ని అడిగి వేసుకోవచ్చు.

సన్మానం, శాలువా, పత్రికలో ఫొటో అన్నీ వారంలో ముగుస్తాయి. పదో రోజున ఒళ్లునొప్పులు, కళ్లెర్రబడటం మొదలైన కుర్రాడు, ఎండలో తిరిగినందుకు అనుకుని పారాసెటమాల్ వేసుకుని పడుకుంటాడు. పదో రోజున ఒకసారి, ఇరవయ్యో రోజున ఒకసారి సంస్థ నుంచి ఎవరో ఒకరు పుస్తకం తెరిచి, వరుసగా ఆ నంబర్లకు ఫోన్ చేసి ‘జ్వరమేమైనా ఉందా తమ్ముడూ, వరద నీళ్లలో తిరిగానని డాక్టరుకు చెప్పావా’ అని అడగాలి.